రెండు తాళాల తూము

నేను ఒక ఇత్తడి తాళాన్ని. ఒంట్లో ఏ భాగమూ చెడలేదు గానీ మెడ తెగిపోయింది. ప్రస్తుతం ఒక ప్రభుత్వ కార్యాలయం బీరువాలో, గుడ్డసంచిలో ఉంటున్నాను. సంచి మూతికి కట్టిన చీటీ మీద నా పేరు 'వస్తువు నంబరు ఒకటి'. పక్క సంచిలో ఉన్న 'వస్తువు నంబరు రెండు' కూడా తాళమే. అది ఉక్కుది. మా ఇద్దరిలో ఎవరం ముందు తెగామో, ఎవరి ఆజ్ఞ మీద తెగామో తేల్చడానికి మూడు విచారణలు నడుస్తున్నాయి. నన్నడిగితే ఒక్క మాటలో చెప్పేదాన్ని. తాళాన్ని అడిగే ఆచారం ఇంకా రాలేదు.

నేను పుట్టింది అలీగఢ్‌లో, మధ్యాహ్నం కూడా దీపం వెలిగించుకోవలసిన ఒక ఇరుకు గదిలో. నా పొట్టలో ఏడు రేకులున్నాయి. కళ్ళద్దాలకు దారం కట్టుకున్న ఒక పెద్దాయన ఆకురాయి పట్టి వాటిని ఒక్కొక్కటే అరగదీశాడు. ఏడింటికీ ఏడు ఎత్తులు. తాళంచెవి పళ్ళు ఏ రేకును ఎంత లేపాలో అంతే లేపితే నేను తెరుచుకుంటాను. ఒక్కటి తగినంత లేవకపోయినా తెరుచుకోను. ఒక్కటి తగినదానికన్నా ఎక్కువ లేచినా తెరుచుకోను. ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. గట్టిగా తిప్పితే ఏదైనా తెరుచుకుంటుందని మనుషులకు ఒక నమ్మకం.

అక్కణ్ణించి రైల్లో, లారీలో, చివరికి ఒక జీపులో గుర్రాలవాగు చేరాను. అక్కడ పెద్ద కాలవ వాగు మీదుగా సాగుతుంది. కాలవలో నీరు మితిమీరినప్పుడు కొంత వాగులోకి వదిలేయడానికి గట్టుకు ఒక తూము ఉంది. తూముకు ఇనపతలుపు, ఆ తలుపును ఎత్తడానికి, దించడానికి ఒక చక్రం. ఆ చక్రం ఊచల్లోంచి గొలుసు దూర్చి, గొలుసుకు నన్ను తగిలించారు. అలా ఉద్యోగంలో చేరాను.

అప్పట్లో ఆ చుట్టుపక్కలంతా ఒకటే రాష్ట్రం. తూముకు ఇద్దరు లస్కర్లు ఉండేవాళ్ళు. కాలవ గట్లు చూసుకుంటూ, నీటిమట్టం రాసుకుంటూ, తలుపులు ఎత్తుతూ దించుతూ ఉండే పని వాళ్ళది. ఒకాయన ఎగువన మోదుగులపల్లి యాకయ్య. ఇంకొకాయన దిగువన కొత్తరేవుపాలెం దేవసహాయం. ఇద్దరికీ కలిపి ఒకటే తాళంచెవి. ఎవరు డ్యూటీలో ఉంటే వాళ్ళ మొలతాడుకు అది వేలాడేది. దేవసహాయం గుండె ఆగి పోయాక ఆ ఉద్యోగం అతని భార్య సువార్తమ్మకు ఇచ్చారు. ఆమె ఇంట్లో కుట్టుమిషను ఉంది. మిషను నూనెలో కోడి ఈక ముంచి నెలకోసారి నా నోట్లో రెండు బొట్లు వేసేది. వానాకాలం వస్తే ఖాళీ పాలపాకెట్టు కడిగి ఆరబెట్టి నాకు టోపీలాగ కట్టేది. ప్రభుత్వం వస్తువును అంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత రాష్ట్రం రెండైంది. సరిహద్దు గీత సరిగ్గా తూము పక్కనుంచి పోయింది. నీళ్ళకు ఆ సంగతి తెలియదు. అవి ఎప్పటిలాగే ఎగువనుంచి దిగువకు వచ్చేవి. చిక్కు ఎక్కడంటే, గుర్రాలవాగు తూము దాటాక ఒంపు తిరిగి మళ్ళీ ఎగువ రాష్ట్రంలోకే పోతుంది. ఎండాకాలం తూము తెరిస్తే మోదుగులపల్లి వాగు నిండి వాళ్ళ బావులు ఊరతాయి, దిగువ కాలవకు నీళ్ళు తగ్గుతాయి. వరదల్లో తూము తెరిస్తే దిగువ కాలవ గట్టు నిలుస్తుంది, మోదుగులపల్లి చేలు మునుగుతాయి. అంటే ఒకరికి తూము ఎండల్లో కావాలి, ఇంకొకరికి వానల్లో కావాలి. ఇద్దరికీ ఒకేసారి కావలసిన రోజు క్యాలెండరులో లేదు.

ఒక వేసవిలో రెండు ఊళ్ళూ కర్రలు పట్టుకుని గట్టు మీదికి వచ్చాయి. రెండు రాష్ట్రాల మధ్య నీటి సంగతులు చూడటానికి కేంద్రం పెట్టిన బోర్డు ఒకటి ఉంది. అది కల్పించుకుని ఒక ఉత్తర్వు ఇచ్చింది. తూముకు రెండు తాళాలు ఉండాలి. ఒక్కో రాష్ట్రానికి ఒకటి. ఇద్దరూ ఒప్పుకుంటేనే తూము తెరుచుకోవాలి. ఆలోచన మంచిదే. నేను దిగువ రాష్ట్రం తాళాన్నయ్యాను. ఎగువవాళ్ళు కొత్త ఉక్కుతాళం తెచ్చారు.

ఆ ఉత్తర్వు చదివి వినిపించింది దిగువ రాష్ట్రం ఇంజనీరు, ఇంకా మీసాలు సరిగా రాని ఏఈ గారు. "రాజ్యాంగం ప్రకారం నీళ్ళు రాష్ట్రాల జాబితాలోవి. రెండు రాష్ట్రాల మధ్య పారే నదులైతే కేంద్రం చట్టం చెయ్యొచ్చు. తగువు తేలకపోతే ట్రిబ్యునల్ ఉంటుంది," అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

యాకయ్య తలపాగా సర్దుకున్నాడు. "గిన్ని జాబితాల్ల ఉన్నయని నీళ్ళకెర్కనా సారూ? అదేమో ఎటు పల్లం ఉంటే అటు పోతది."

"అందుకేగా తాళం," అన్నాడు ఏఈ.

మా ఇద్దరిలో ఎవరు పైన ఉండాలి, ఎవరు కింద ఉండాలి అన్న విషయం మీద రెండు రాష్ట్రాల కార్యాలయాలు మూడు నెలలు ఉత్తరాలు రాసుకున్నాయి. చివరికి గొలుసును అడ్డంగా కట్టి, పైనా కిందా లేకుండా చేశారు. ఆ తగువు తీర్చిన సంతోషంలో అసలు పని తప్పు చేశారు. గొలుసు ఒక కొసకు నన్ను, రెండో కొసకు ఉక్కుతాళాన్ని తగిలించి, మా ఇద్దరినీ ఒకదాంట్లో ఒకటి గుచ్చి నొక్కేశారు. పొలం గేటుకు ఇద్దరు పాలివాళ్ళు ఎవరి తాళం వాళ్ళు వేసుకునేటప్పుడు అలాగే వేస్తారు. ఎవరు ఎప్పుడొచ్చినా తమ తాళం తీసుకుని లోపలికి పోవడానికి. అంటే మా ఇద్దరిలో ఏ ఒక్కరు నోరు తెరిచినా గొలుసు ఊడిపోతుంది. ఇద్దరి అనుమతి కావాలన్న తూము ఎవరి చేతికైనా తెరుచుకునే తూమైంది. ఫొటోలు తీశారు, కొబ్బరికాయ కొట్టారు, జీపులెక్కి వెళ్ళిపోయారు.

జీపుల దుమ్ము అణిగాక యాకయ్య గొలుసు పట్టుకుని ఊపి చూశాడు. సువార్తమ్మ కూడా చూసింది.

"చూసినవా సెల్లె?"

"చూశా అన్నయ్యా. నువ్వు తీసినా ఊడిద్ది, నేను తీసినా ఊడిద్ది."

"మరి చెప్దమా?"

"చెబితే మళ్ళీ మూణ్ణెల్లు ఉత్తరాలు రాసుకుంటారు. నీ తాళం నువ్వు తియ్యి, నా తాళం నేను తీస్తా. రెండూ తీశాకే చక్రం తిప్పుదాం."

పది నెలలు అలాగే జరిగింది. తూము ఎత్తే రోజున యాకయ్య ముందు తీసేవాడు, తర్వాత ఆమె తీసేది. దించే రోజున ఆమె ముందు వేసేది. అవసరం లేని రెండో తాళాన్ని వాళ్ళు అంత శ్రద్ధగా తీస్తుంటే చూసి, మొదట్లో నేను నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

చైత్రంలో మోదుగులపల్లి బావులు అడుగంటాయి. నలుగురు పెద్దమనుషులు మిట్టమధ్యాహ్నం గట్టు మీదికి వచ్చి యాకయ్యను చుట్టుముట్టారు. గొలుసు సంగతి వాళ్ళకు ఎలాగో తెలిసింది.

"నీ తాళం నీ చేతులున్నది. ఒక్క గంట తియ్యి యాకన్నా. గొడ్లకు నీళ్ళు లెవ్వు."

"ఆ సెల్లె లేంది నేను తియ్య."

"ఆమె మనూరి ఆడిబిడ్డనా? అవతలి రాష్ట్రపామె."

"గందుకే తియ్య. మనూరామె అయితే తర్వాత చెప్పి సముదాయించుకుందును."

తిట్టిపోశారు. అతని భార్య వంద గజాల దూరంనుంచి బిందె మోసుకొస్తోంది, ఆమె ముందే తిట్టారు. అతను తలపాగా విప్పి మొహం తుడుచుకుని, సువార్తమ్మకు ఫోను చేశాడు. ఆమె తన ఏఈ గారిని అడిగి, కొత్తరేవుపాలెం పెద్దలను బతిమాలి, మూడోనాటికి రెండు గంటలు తూము తెరవడానికి ఒప్పించింది. మూడు రోజులు ఆలస్యమే. కానీ నీళ్ళు పగటిపూట, అందరూ చూస్తుండగా వెళ్ళాయి.

ఆ తర్వాత బోర్డునుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. తెలివైనవాడు. గొలుసు చూడగానే తప్పు పట్టేశాడు. ఇంకేముంది, వారం రోజులు పేపర్లలో మేమే. పది నెలలూ ఎగువవాళ్ళు నీళ్ళు దొంగిలించారని దిగువవాళ్ళు, దిగువవాళ్ళు వరద మా మీదికి తోశారని ఎగువవాళ్ళు. పది నెలల్లో ఎవరూ దొంగతనం చేయలేదన్న ఒక్క వార్తా రాలేదు. జరగనిదాన్ని వార్తగా ఎలా రాస్తారు?

తప్పు సరిదిద్దారు. గొలుసు రెండు కొసలనూ కలిపి నాతో ఒకసారి, ఉక్కుతాళంతో ఇంకోసారి బిగించారు. ఇప్పుడు ఇద్దరం తెరుచుకుంటేనే గొలుసు ఊడుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. లస్కర్ల మీద నమ్మకం లేదని రెండు తాళంచెవులనూ తీసుకుని, కవర్లలో పెట్టి, లక్కముద్ర వేసి, ఎవరి డివిజను ఆఫీసులో వాళ్ళు దాచుకున్నారు. నా తాళంచెవి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరం వెళ్ళింది. దాని తాళంచెవి నలభై రెండు. సువార్తమ్మ తాళంచెవి అప్పగిస్తూ, "మరి అవసరమొస్తే?" అని అడిగింది. "పద్ధతి ప్రకారం వస్తుందమ్మా," అన్నారు.

భాద్రపదంలో అవసరం వచ్చింది. పద్ధతి రాలేదు.

మూడు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. నాలుగో రోజు ఉదయం ఎనిమిదింటికి కాలవ నీరు గేజి రాయి మీద ఎర్రగీత దాటింది. తూముకు రెండు ఫర్లాంగుల దిగువన గట్టు చెమర్చడం మొదలైంది. ఆ గట్టు కిందే కొత్తరేవుపాలెం కాలనీ, నూట నలభై ఇళ్ళు. గట్టు తెగితే నీళ్ళు ఆ ఇళ్ళ కప్పుల మీదినుంచి పోతాయి. కాలనీనుంచి బయటికిపోయే ఒక్క రోడ్డూ అప్పటికే మునిగింది. సువార్తమ్మ ఇల్లు మూడో వరసలో ఉంది. ఇంట్లో మంచానికే పరిమితమైన ఆమె అత్తగారు.

సువార్తమ్మ తడుస్తూ నా పక్కనే నిలబడి ఏఈకి ఫోను చేసింది. ఆమె ఫోను చెవికి దూరంగా పెట్టుకునే మనిషి. అవతలి మాటలు నాకు స్పష్టంగా వినపడ్డాయి.

"మా పై ఇంజనీరు ఈఈ గారి సంతకం లేకుండా కవరు చించకూడదమ్మా."

"ఈఈ గారెక్కడున్నారు సార్?"

"బోర్డువాళ్ళతో వీడియో మీటింగులో ఉన్నారు. మీ తూము సంగతే మాట్లాడుతున్నారు."

"ఎంతసేపటినుంచి?"

"పొద్దున ఆరున్నరనుంచి. అటువాళ్ళు ఒప్పుకోవాలి కదా. అయినా రోడ్డు తెగిపోయింది, తాళంచెవి ఎలా పంపించేది?"

యాకయ్య గొంగడి కప్పుకుని అవతలినుంచి వచ్చాడు. అతనూ తన ఆఫీసుకు ఫోను చేశాడు. దిగువ రాష్ట్రం రాతపూర్వకంగా కోరితే పరిశీలిస్తామన్నారట. బోర్డుకు చేస్తే, రెండు రాష్ట్రాలూ ఒకే మాట చెబితే తాము కాదనేది లేదన్నారట. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి అధికారం ఎంతవరకో అంతవరకే మాట్లాడారు. ఆ హద్దుల నడుమ ఒక జానెడు ఖాళీ మిగిలింది. నూట నలభై ఇళ్ళూ ఆ జానెడులో ఉన్నాయి.

కాలనీనుంచి ఇరవైమంది గట్టెక్కారు. వాళ్ళలో పైపుల పనిచేసే ఏసుపాదం చేతిలో ఇనుము కోసే రంపం, ఇంకొకరి చేతిలో గడ్డపార. సువార్తమ్మ రంపం అందుకుంది. నా టోపీ విప్పి, మడిచి, జాకెట్లో దోపుకుంది. నా మెడ మీద రంపం ఆనించి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కోసింది.

నొప్పి అని మనుషులు దేన్నంటారో నాకు తెలియదు. వేడి మాత్రం తెలుసు. అంత వానలోనూ నా మెడ కాలిపోయింది. రెండు బ్లేడ్లు విరిగాయి. ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె అరచెయ్యి చర్మం లేచింది. నేను గొలుసునుంచి జారితే ఆమె కింద పడనివ్వలేదు, పట్టుకుని గట్టు మీద పెట్టింది.

ఏసుపాదం గడ్డపార అందుకుని ఉక్కుతాళం మీదికి ఎత్తాడు. "జరుగు పిన్నీ. రెండు దెబ్బల్లో పగులుద్ది."

సువార్తమ్మ గడ్డపారకు అడ్డంగా నిలబడింది. "అది నీది కాదు, నాదీ కాదు. ఆయన తాళం. ఆయనే తియ్యాలి."

"గట్టు తెగిపోతంది పిన్నీ! నీకు పిచ్చా? మీ అత్త ఇంట్లో ఉంది!"

"నాకు తెలీదంట్రా? ఇవాళ మనం ఇరవైమందిమి ఉన్నామని ఆయన తాళం పగలగొడితే, ఎండాకాలం వాళ్ళు యాభైమంది వచ్చి నాది పగలగొడతారు. ఆగు!"

ఆమె యాకయ్య వైపు తిరిగింది. అతను వాగు దిక్కు చూస్తున్నాడు. వాగు వెంట అరవై ఎకరాల వరి, పొట్టమీద ఉంది. అందులో రెండెకరాలు అతనివి. ఇంకో మూడు నెలల్లో అతనికి రిటైర్మెంటు.

"ఏమంటావ్ అన్నయ్యా?"

అతను చెయ్యి చాపి వాగు వైపు చూపించాడు.  "వాగులో మోటర్లున్నయి. అవతలి ఒడ్డుమీద గొడ్లు కట్టేసున్నయి," అన్నాడు. "ఒక్క అర్ధగంట ఇయ్యి సెల్లె. ముందుగాల చక్రం మీద రెండు పళ్ళే ఎత్తుదం. మావోళ్ళు గొడ్లను తోలుకపోయినంక మిగిలింది ఎత్తుదం. ఒక్కసారి మొత్తం ఎత్తితే నేను మావోళ్ళ మొకం చూడలేను."

"అర్ధగంట గట్టు ఆగుద్దో లేదో."

"ఆపుండ్రి. ఇరవైమంది ఉన్నరు గద. గడ్డపార అవతల పెట్టి ఇసక బస్తాలు మోయండి."

మోశారు. అతను ఫోనులో మోదుగులపల్లితో మాట్లాడాడు, సర్పంచిని తిట్టాడు, ఏడ్చాడు, మళ్ళీ తిట్టాడు. గొడ్లు కదిలాయని కబురు రాగానే రంపం తీసుకుని తన తాళాన్ని తనే కోశాడు. ఉక్కు కదా, గట్టిది. సగం కోశాక చెయ్యి ఆడక ఆగిపోతే, "నువ్వు పట్టు సెల్లె, నేను చెప్తున్న గద," అన్నాడు. మిగిలిన సగం ఆమె కోసింది. ఇద్దరూ కలిసి చక్రం తిప్పారు. రెండు పళ్ళు. అర్ధగంటకు మూడు. మధ్యాహ్నానికి మొత్తం.

గట్టు నిలిచింది. అరవై ఎకరాల్లో ఇసక మేట వేసింది.

సాయంత్రం నాలుగున్నరకు వీడియో మీటింగు ముగిసిందని, తూమును రెండడుగులు ఎత్తడానికి సూత్రప్రాయంగా అంగీకారం కుదిరిందని ఏఈ గారు ఫోను చేశారు.

వారంలో ఇద్దరినీ సస్పెండు చేశారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. ఎగువ రాష్ట్రం విచారణ ఒకటి, దిగువది ఒకటి, బోర్డుది ఇంకొకటి. మోదుగులపల్లిలో యాకయ్యతో ఎవరూ మాట్లాడటం లేదని విన్నాను. కాలనీవాళ్ళు మొదటి నెల సువార్తమ్మకు దండ వేశారు, రెండో నెల ఆమె జీతం సంగతి అడగడం మరిచిపోయారు.

మొన్న బోర్డు విచారణలో ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. విచారణాధికారి నెమ్మదైన మనిషి, పేరు రాఘవాచారి. కాగితం మీద రెండు గళ్ళు గీసుకుని అడిగారు.

"ముందు తెగింది ఎవరి తాళం?"

"నాది సార్," అన్నాడు యాకయ్య.

"అబద్ధం సార్. నాదే ముందు," అంది సువార్తమ్మ. "ఆయనది సగం నేనే కోశాను."

"నేను కొయ్యమంటెనే కోసింది సార్. రాసుకోండ్రి."

"ఎవరి ఆజ్ఞ మీద?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేమిద్దరం మాట్లాడుకున్నామండీ," అంది ఆమె.

ఆ జవాబు రాయడానికి ఆయన దగ్గరున్న కాగితంలో గడి లేదు. కలం కాసేపు గాల్లోనే ఉంది. తర్వాత నన్ను సంచిలోంచి తీయించి బల్ల మీద పెట్టారు. "ఇది మీ తాళమేనా? గుర్తుపట్టండి."

సువార్తమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. అరచేతిలో మచ్చ నా వీపుకు తగిలింది. తెగిన మెడ వైపు చూడలేదు. తాళంచెవి కన్నం వెలుగుకు పట్టి చూసింది. "నూనె లేదండీ. రేకులు పట్టేస్తాయి."

"తెగిన తాళానికి నూనెందుకమ్మా?"

"తెగింది మెడేగా సార్. లోపల బాగానే ఉంది. తాళంచెవి కవరు కూడా మా ఆఫీసునుంచి మీ దగ్గరికే వచ్చిందిగా, తిప్పి చూడండి."

ఆయన తటపటాయించి, గుమస్తా వైపు చూసి, లక్కముద్ర కవరు చించారు. అందులోనుంచి నా తాళంచెవి బయటపడింది. ఇన్ని నెలల తర్వాత చూశాను దాన్ని. ఆయన తిప్పారు. నా ఏడు రేకులూ, అలీగఢ్ పెద్దాయన అరగదీసిన ఎత్తులకు, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా లేచాయి. టక్కుమని తెరుచుకున్నాను.

 యాకయ్య తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంతేనండీ," అంది సువార్తమ్మ. "ఆ రోజు ఇంత పనే."

రాఘవాచారి గారు ఏదో రాసుకున్నారు. ఏం రాశారో నాకు కనపడలేదు. ఆయన ఇచ్చే నివేదిక రెండు రాష్ట్రాలకూ వెళ్ళాలి, రెండూ అభిప్రాయం చెప్పాలి, అప్పుడే ఆ ఇద్దరి ఉద్యోగాల సంగతి తేలుతుంది. యాకయ్యకు రిటైర్మెంటు తేదీ దాటిపోయింది. పెన్షను కాగితం దానికోసమే ఆగి ఉంది.

నన్ను తిరిగి సంచిలో పెట్టేముందు ఆమె నన్ను పమిట కొంగుతో ఒకసారి తుడిచింది. గుమస్తా నన్ను తెచ్చి బీరువాలో పెట్టాడు. నా పైఅరలో రెండు కొత్త కవర్లున్నాయి, లక్కముద్రలతో. గుర్రాలవాగు తూముకు వేసిన కొత్త తాళాల చెవులవి. ఈసారి రెండూ ఒకేచోట భద్రంగా ఉండాలని ఈ బోర్డు ఆఫీసుకే పంపారట. ఇక్కణ్ణించి తూముకు నూట పది కిలోమీటర్లు.

బీరువా తలుపు మూస్తున్నప్పుడు కిటికీలోంచి ఒక గాలి విసురు లోపలికి వచ్చింది. తడి మట్టి వాసన. ఇప్పుడు జ్యేష్ఠం వెళ్ళిపోతోంది.